ఫిబ్రవరి లెక్క

పొద్దుగాల పదకొండింటికి ఫోన్ల మెసేజ్ మోగింది.
ఢిల్లీల బయల్దేరిన పైసలు
హైదరాబాద్‌ల నెలరోజులు నిద్రజేసి
నల్లగొండ దాటి, దేవరకొండ దాటి
మా ఎర్రగుండు తండా ఖాతాల దిగినయి.
కార్యదర్శిని గద, ముందుగాల నాకే తెలుస్తది.

ఎంత? అనడిగిండు సర్పంచమ్మ పెనిమిటి.
చెప్పిన.
గంతేనా? కింది ఊరికి మూడింతలు పడ్డయంట.

భూమికి కొంచెం, ఎక్కువ పాళ్లు తలలకు,
గదీ పైవాళ్ల కట్టు.
భూమికేం, మాకు గుట్టలున్నయి, బండలున్నయి.
తలలే తక్కువ.
ఆ తలల్ని రెండువేల పదకొండుల లెక్కబెట్టిండ్రు,
ఫిబ్రవరి నెలల.

ఫిబ్రవరంటే తండాల
ముసలోళ్లు, కుక్కలు, తాళాలు.
కాళ్లు ఆడేటోళ్లంత చెరుకుతోటల్ల, ఇటుకబట్టీల కాడ.
లెక్కకొచ్చిన సారు
తాళమేసిన తలుపుల మీద సుద్దముక్కతోని గీతగీసి
ఎండ ముదరకముందే బస్సెక్కిండంట.
నాలుగొందల పన్నెండు.
అప్పటిసంది ఈ తండా
ఒక్క పురుడు పోసుకోలే, ఒక్క పాడె మోయలే
కాగితం మీద.

వచ్చిందాంట్ల సగం నీళ్లకూ మోరీలకే పెట్టాలె.
మోరీ లేని తండాకు
మోరీ పూడికతీసే పద్దు.
ట్రాక్టర్ కిస్తు, కరెంటు బిల్లు, బ్లీచింగ్ పౌడర్ రెండు బస్తాలు,
కాలిపోయిన మోటర్ స్టార్టర్.
అడుగున మిగిలినయి
ఆరు బల్బుల పైసలు.
స్తంభాలు తొమ్మిది.

పంచాయతి గడప మీద కూసుండి
తమలపాకు నములుతున్న కేళీబాయి అడిగింది:
సారూ, ఆ నాలుగొందల పన్నెండుల నేనున్ననా?
ఆ యేడు యాడున్నవ్?
బట్టీల. నిండు కడుపుతోని.
అయితే లేవు. నీ బిడ్డ సుత లేదు.
పకపక నవ్వింది. తర్వాత నవ్వు ఆపి
మేకల్ని మేతకు తోలి, ఉత్త దొడ్లె నిలబడి
ఎవడన్న లెక్కబెడ్తడా సారూ?
పొద్దుగూకినంక, తిరిగొచ్చినంక గద.

నా దగ్గరున్న ఫారంల
ఆ మాట రాసే గడి లేదు.

సాయంత్రం హరిలాల్ నిచ్చెనేసిండు.
రేషన్ దుకాణం కాడొకటి, బోరు కాడొకటి,
ఇండ్లు గుంపున్న సందుల నాలుగు.
ఆరూ అయిపోయినయి.
గట్టు దిక్కు మూడు స్తంభాలు మిగిలినయి.
అటు ఉన్నయి రెండిండ్లే.
రిజిస్టర్ల రాసిన: జనసాంద్రత దృష్ట్యా.
ఆ మాట నాది గాదు,
పైనుంచొచ్చే కాగితాలల్ల ఉంటది,
చదివి చదివి చేతికి అంటింది.
సంతకం మాత్రం నాదే.

రెండిండ్లల్ల ఒకటి కేళీబాయిది.
ఆమె ఏమనలే. ఏమన్న అంటే బాగుండు.

బండి స్టార్ట్ చేస్తుంటె
గట్టు మీదికెళ్లి మేకల గంటలు.
చీకట్ల దొడ్డి మూలకు ఒంగి
ఒక్కొక్క వెన్ను తడుముతున్నదామె,
పేరు పెట్టి పిలుస్తున్నది
గోర్‌మాటిల, నాకు రాని భాషల.
పద్దెనిమిది దాకా వినొచ్చింది. ఆగింది.
మల్ల మొదటిసంది తడిమింది.

ఒకటి తక్కువున్నది సారూ, అన్నది,
గట్టు దిక్కు నడుచుకుంట.

బండి ఆపిన.
ఫోన్ లైటేసుకొని ఎన్క పోయిన.
బ్యాటరీ తొమ్మిది పాళ్లున్నది.