ఐదొందల మాటలు మించకుండా

ఇస్కపల్లి రొయ్యలచెరువుల్లో సిగ్నలు ఒక్కచోటే నిలబడుద్ది,
మోటారు షెడ్డు రేకు కింద, ఎడమచేతి మూల.
అక్కడ మేతబస్తా మీద కూచుని
ఫెలోషిప్పు ఫారం నింపుతున్నాను.
రాత్రి పదకొండూ యాభైతొమ్మిదికి గడువు.

ఇంటిపేరు ముందా, పేరు ముందా అని అడిగింది గడి.
యాకసిరి వెంగమ్మ.
ఏ వైపు నించి చదివినా
సెమినారు మైకులో తడబడే పేరే.

పుట్టిన తేదీ: జూన్ ఒకటి.
మా సంఘం పిలకాయలందరికీ అదే పుట్టినరోజు.
బడిలో చేర్చుకున్న పూట హెడ్మాస్టరు
వరసగా రాసుకుంటూ పోయాడు.
అమ్మ లెక్క వేరు:
కార్తీకమాసం, గాలివాన, కాలవగట్టు తెగిన రాత్రి.
ముప్పై ఐదేళ్ళు దాటకూడదంట.
అమ్మ లెక్కలో ఇంకా ఆరునెలలు ఉన్నాయి నాకు,
ఫారం లెక్కలో పంతొమ్మిది రోజులు.

సమస్య ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పమంది.
తెల్లమచ్చ.
ఒక చెరువుకి సోకింది పక్క చెరువుకి ఎట్టా పోతుందో,
కాకులు వాలకుండా దారాలు కట్టినా,
పీతలు రాకుండా చుట్టూ పరదా కట్టినా.

నాయన ఇదే గట్టు మీద పదహారేళ్ళుగా కాపలా.
"బొక్కల్లో పీతలు పట్టపగలే బయటికొచ్చి
నీళ్ళకి వీపు తిప్పి కూచున్నాయంటే
మూడోరోజుకి చెరువు పోద్ది మే" అంటాడు.
నాలుగేళ్ళు ఆ పీతల్ని లెక్కపెట్టాను.
పదకొండు చెరువులు. తొమ్మిదిసార్లు ఆయన మాటే నిజం.
మిగతా రెండుసార్లు
తప్పు పీతలదే, అన్నాడు.

పోయినేడు నా అర్జీ దిద్దినాయన రాశాడు:
ఆలోచన ఆసక్తికరం. ఆధారాలు బలహీనం.
అభ్యర్థికి తగిన ప్రయోగశాల ఉన్నట్టు లేదు.
అదీ నిజమే. కాలేజీలో మైనస్ ఎనభై ఫ్రీజరు ఉండాది,
కంప్రెసరు పోయి రెండు వానాకాలాలు.
నా శాంపిళ్ళు అల్లూరు ఐసు ఫ్యాక్టరీలో
కరీంబాయి చందువా పెట్టెల పక్కన నిద్రపోతున్నాయి,
డబ్బా మీద నా పేరు, దాని కింద
"తినేవి కావు".

బడ్జెట్టు.
ప్రైమర్లు, ఇథనాలు, ట్యూబులు.
ప్రయాణం: మోపెడ్డుకి పెట్రోలు.
సిబ్బంది గడిలో ఒక క్షేత్ర సహాయకుడు అని రాసి
అర్హత దగ్గర ఆగిపోయాను.
సంతకం పెట్టడం వచ్చు.
బురద వాసన చూసి ఆటూ పోటూ చెప్పడం వచ్చు.
గడి డిగ్రీ అడుగుతోంది.

ఏడునెలలుగా నా స్టైపెండు పడలేదు.
దానికి గడే లేదు.

పదకొండూ ఇరవై.
సారాంశం ఐదొందల మాటలు మించకూడదు.
నావి ఐదొందల మూడు.
వెతికి వెతికి మూడు తీసేశాను:
మా నాయన చెప్పినట్టు.
వాక్యం కదల్లేదు. అతుకు కూడా కనపడలేదు.
అదే బాధనిపించింది.

అప్పుడు కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోతే
చెరువు ఎంత పెద్దదో చెవులకి తెలిసింది.
నాయన ఈల. టార్చి. ల్యాప్‌టాప్ బస్తా మీద పడేసి
పరిగెత్తాను.
డీజిలు నేను పోశాను, హ్యాండిలు ఆయన తిప్పాడు,
జనరేటరు దగ్గింది, మళ్ళీ దగ్గింది.
ఈలోగా రొయ్యలు అంచుకొచ్చేశాయి గాలికోసం,
టార్చి వెలుగులో వేలవేల ఎర్రటి కళ్ళు,
వాటిలో ఏ ఒక్కటీ నన్ను వయసడగలేదు.
మూడో తిప్పుకి అందుకుంది.

తిరిగొచ్చేసరికి పదకొండూ యాభైరెండు.
గ్రీజు వేళ్ళతోనే ఆ మూడుమాటలూ తిరిగి పెట్టాను.
బదులుగా
అత్యంత, వినూత్నమైన, ప్రపంచస్థాయి,
ఇవి పోయినై.
పీతలేమీ అనుకోవు.

సమర్పించు అన్నచోట నొక్కాను.
తెర మీద చిన్న సున్నా ఒకటి తిరగడం మొదలెట్టింది.

గట్టు మీంచి నాయన కేకేశాడు:
"వచ్చిందా మే?"
కరెంటు సంగతి అడుగుతున్నాడు.
"ఇంకా లేదు నాయనా" అన్నాను,
తెర మీంచి కళ్ళు తిప్పకుండా.