కన్నూ చిరుగూ

దేశం పటంలో నీరుకుక్కలున్న చోటల్లా ఒక ఎర్రచుక్క.
చంబల్ పొడవునా చుక్కలు, కావేరి మలుపుల్లో చుక్కలు,
గోదారి మడ అడవుల్లో చీమలబారు.
మా నెల్లూరు దగ్గర కాగితం తెల్లగా ఉంది.
ఆ తెలుపుని నింపమనో, తెలుపేనని తేల్చమనో
రోజుకి ఆరొందల చొప్పున నన్ను పంపారు.

సంగం బ్యారేజీ కింద మూడు పొద్దులు నడిచాను.
ఇసకలో కొంగల కాళ్ళు, గేదెల కాళ్ళు,
లారీ టైర్లు, లారీ టైర్లు.
ఫారంలో పదో గడి: జంతువుని చూశారా?
పదకొండు: పొలుసులు కలిసిన పెంట కనబడిందా?
పన్నెండుకి రాకముందే దాహమేసింది.

తుపాకుల మస్తానమ్మ స్టీలు చెంబుతో నీళ్ళిచ్చింది.
ఆమె వాకిట్లో గుట్టగా ఊరూరి వలలు.
కలువాయివి, చేజర్లవి, జొన్నవాడవి,
ముదివర్తి కాడ ఉప్పు కరిచినవి.
కాలి బొటనవేలికి పోగు తగిలించి
వెదురు సూదితో కన్ను వెనక కన్ను అల్లుతూ
నా మొహం చూడకుండానే అడిగింది:
"ఏంది నాయనా ఎతుకుతుండావు?"

చెప్పాను.

"దాన్ని జూశామనేవోళ్ళు సగం మంది అబద్ధాలాడతారు.
అదే మనల్ని జూస్తాది.
దాని పండ్లు మాత్రం నా కాడికొస్తాయి."

ఒక వల ఎత్తింది. "ఇది ఎండ్రకాయ. కత్తెరేసినట్టు ఒకటే పోగు."
ఇంకోటి. "తాబేలు. ముసలోడు చెరుకు నమిలినట్టు లేదూ?
నీరుకుక్కయితే ఒంటిగా రాదు, ఇల్లంతా కదిలొస్తాది.
తల్లి చించిన కంత పెద్దది.
దాని పక్కనే, అరచెయ్యి దూరాన,
పిల్ల చించబోయి ఇడిసిపెట్టిన నాలుగు పోగులు.
నేర్చుకుంటా ఉంటాదన్నమాట."

ఫారం మీద ఈగ వాలింది. తోలలేదు.

"కంతకి రెండ్రూపాయలప్పుడు, జొన్నవాడ వలలు
దాని నోట్లోంచి తీసినట్టే వచ్చేవి.
వలలోళ్ళు దాన్ని తిట్టేవోళ్ళు, నేను మనసులో దండం పెట్టేదాన్ని.
మా పెద్దదాని కమ్మలు ఆ పండ్లు పెట్టినవే.
ఇసక లారీలు దిగినాక అన్నీ మంచి వలలే వస్తుండాయి."
మంచి వలలు అన్న మాటని
ఉమ్మేసినట్టు అంది.
"చినగవు. నిండవు."

పటం పరిచాను, గాలికి ఎగరకుండా చెంబు పెట్టాను.
ఆమె చుక్కల్ని చూడలేదు.
చుక్కకీ చుక్కకీ మధ్య వేలు తిప్పింది.
"వలంటే ఏంది? పోగుతో కట్టిన ఖాళీ.
ఈ తెల్లటి దాంట్లో ఏది కన్నో, ఏది చిరుగో
నీకెట్టా తెలస్తాది?"

నాకు తెలీదు.
అది రాసే గడి ఫారంలో లేదు.

ఎండ తిరిగాక టీవీఎస్ మీద ఒక కుర్రాడొచ్చాడు,
కలువాయి ఎగువ నుంచి, తడారని వలతో,
దేన్నో అమ్మనా బూతులు తిడుతూ.
మస్తానమ్మ సూది పక్కన పెట్టింది.
కంతలోకి నాలుగు వేళ్ళు పోనిచ్చింది,
ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.
అక్కణ్ణుంచి అరచెయ్యి దూరం కొలిచి
పోగు పోగూ తడిమింది, చాలాసేపు.
కుర్రాడు ఎంతవుద్దో చెప్పమంటున్నాడు.

నేను పెన్ను మూత తీశాను.

"పెన్నొద్దు," అంది, వల మీంచి చెయ్యి తియ్యకుండా.
"పెన్సిలుండాదా?"