కట్టుతీగ

ఆకు అంచు మాడంగనే తెగులు తెగులని ఉరుకకు, భూమేశ్.
ముందుగాల వంగి డ్రిప్పు మూతి సూడు.
దాని సుట్టు తెల్లగ పొక్కు కట్టిందా,
అది ఉప్పు.
నాలికకు అంటిచ్చుకోకు,
ఇవి అల్ ఐన్ ఊరంతా కడుక్కున్న నీళ్లను
మళ్ల కడిగి మనకిడిసిన నీళ్లు.
నేను అంటిచ్చి సూసిన. మూడొద్దులు క్యాంపుల పన్న.

ఈనెలు పచ్చగుండి నడుమ పసుపు తిరిగితె
ఇనుము కరువు.
మట్టిల లేక కాదు. ఉన్నది,
సున్నం దాన్ని ఇడువది,
మన రెండు నెలల జీతం ఆఫీసుల ఉన్నట్టు.

మందారం మొగ్గ సందుల దూదిపింజ కనబడ్తె
దూది కాదు, పిండినల్లి.
చీమలు వరుసపెట్టి ఎక్కుతున్నయంటె
పైన ఎవరో తీపి పంచుతున్నట్టే.
చీమను తిట్టకు, దాని ఎన్క పో.

కొమ్మ కింద తెల్లకాయితం పట్టి రెండు దెబ్బలు కొట్టు.
రాలిన దుమ్ము నడిస్తె ఎర్రనల్లి.
నడువకపోతె దుమ్మే.
ఈడ ఎక్కువసార్లు దుమ్మే.

ఖర్జూరం మాత్రం కండ్లకు చెప్పది.
దాద్‌కరీం అని బలూచి ముసలాయన ఉండె,
బోదెకు చెవి ఆనిచ్చి, కండ్లు మూసి,
పక్కపొంటి ట్యాంకర్లు పోతున్నా ఇనేటోడు
లోపల పురుగు నములుడు,
చీకట్ల ఎవరో చెరుకు కొరుకుతున్నట్టు.
బయట మట్టలు నిగనిగ మెరుస్తుండేటియి.
ఇది రంజాన్ దాక ఉండది అనేటోడు. ఉండకపోయేది.
నాకు ఇరువై ఏండ్లల్ల ఒక్కసారి ఇనబడ్డది.
పురుగో, నా చెవుల గుయ్యిమనుడో
ఇప్పటికీ చెప్పలేను.

మొదట్ల తోలు లేసి సుట్టూత పుండుంటె
పురుగును దేవులాడకు.
అది గడ్డికోసే మిషిని తాడు.
మిషిని పట్టుకున్నోడు మనోడే.

ఇగ పోయిన వారం సంగతి.
హిలి దిక్కు డివైడర్ల వేపచెట్టు.
తలకాయంత ఎండుతుంది,
మొదట్ల పిలకలు మాత్రం పచ్చగ నవ్వుతున్నయి.
సూపర్‌వైజర్ సాజు మందు కొట్టమన్నడు. కొట్టినం.
నీళ్లు పెంచినం. తగ్గిచ్చినం.
అంచు సూసిన, ఈనె సూసిన, ఆకు అడుగు సూసిన,
కాయితం పట్టి సూసిన. దుమ్మే.
ఆఖరుకు అరచెయ్యి పెట్టి
బర్రె మెడ తడిమినట్టు తడుముకుంట వచ్చిన.
నడుమెత్తుల చెయ్యి ఆగింది.
పైన ఉబ్బు, కింద సన్నం, మధ్యల మడత.
మడతల గోరు దూర్చితె
గట్టిగ తగిలింది.

కర్రకు కట్టిన తీగ.
కర్రను చెదలు ఎప్పుడో తిన్నయి.
తీగను చెట్టు మింగింది, తీగ చెట్టును మింగుతుంది.
మిగిలిన ముడి సూసి గుర్తుపట్టిన:
రెండు సుట్లు, ఎడమచేతి మెలిక,
కొన బట్టకు గీరకుండ లోపలికి మడుచుడు.
మా బ్యాచుల ఎడమచేతోన్ని నేనొక్కన్నే.

అప్పుడది బొటనవేలంత మొక్క.
షమాల్ గాలికి ఒరుగుతదని బిగిచ్చిన.
బాగ కట్టినవని మెచ్చుకున్నరు గూడ.
యాడాదికి ఇప్పాలె.
ఆ యాడాదే నన్ను సైటు మార్చిండ్రు.

ప్లయ్యరుతోని తునక తునక తీసినం.
ఎనుక దిక్కు రెండంగుళాలు లోపల్నే ఉన్నది.
అది రాదు. గుంజితె తోలంత వస్తది.
సాజు రిజిస్టరు తెరిచి
కారణం రాసే గడి కాడ ఆగిండు.
నేను నోరు తెరిచే లోపల్నే
ఎండ, అని రాసిండు.
ఆ గడిల పైనుంచి కిందిదాక ఎండనే ఉన్నది.

బతుకుతదా అని అడుగుతున్నవు.
ఏమో, ఆగస్టు దాటనీ.
నిన్న నువ్వు నాటిన డెబ్బై మొక్కలున్నయి గద,
పో,
ఒక్కొక్క ముడి కింద
నీ వేలు దూరుతుందో లేదో సూసి రా.