కాటా గోడ

ఆదోనిలో, పత్తి మండీ వెనక సందులో
గవిసిద్దప్ప శెట్టి కొట్టును మళ్లీ నిలబెడుతున్నారు.
కూలగొట్టేది కాదు, నిలబెట్టేది.
ఆ మాట నా తలకెక్కను వారం పట్టింది.
ఈ ఊర్లో పాతది అంటే
ప్లాటు అనే కదా అర్థం.

కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ అడిగింది:
"ముప్పై ఏండ్లు ఇక్కడ కాటా గుమాస్తావంట,
అంతా గుర్తుందా పెద్దాయనా?"
ఉండకేం.
తలుపులకు పచ్చరంగు, చిలకపచ్చ కాదమ్మా,
ముదిరిన వేపాకు.
మెట్ల పక్కన శెట్టి గద్దె.
ఎడమ దూలానికి కాటా కొక్కెం,
దాని కింద ఒక బండ గుంటపడి ఉంటుంది చూడు,
హమాలీలు బోరా దింపే చోటు.
ఆమె అన్నీ రాసుకునింది.
గుంటబండ మార్చొద్దని ఎర్రసున్న చుట్టింది.
అంతవరకూ నేను మంచి సాక్షిని.

సున్నం పని హుసేన్ పీరాది.
వాళ్ల తాత ఈ గోడకే గచ్చు పూసినాడంట.
గానుగ తవ్వినారు, తిప్పను ఎద్దు దొరకలేదు,
పాత ట్రాక్టరు కట్టినారు.
కరక్కాయలు నానిన నీళ్లు, నల్లబెల్లం,
జల్లెడ పట్టిన తుంగభద్ర ఇసుక.
"సిమెంటు రాత్రికే బిగుసుకుంటాది.
సున్నం నిన్ను నమ్మేదానికి
నెలలు తీసుకుంటాది" అనేవాడు,
బీడీ ముట్టించి.

డిస్టెంపరు గీకినారు.
నీలం కింద గులాబి
గులాబి కింద పసుపు
పసుపు కింద
బొగ్గు గీతలు.
నాలుగు నిలువు, ఒక అడ్డం.
నాలుగు నిలువు, ఒక అడ్డం.

"ఇదేందప్పా?"
"ఏదో... పిల్లోళ్లు గీసింటారు."
పీరా తాపీ ఆపి నా మొగం చూసినాడు.
"పిల్లోళ్లు ఐదేసి లెక్కబెట్టరు లే."

ఉరుకుందప్పకు చదువు రాదు.
బోరా దింపిన ప్రతిసారీ
తలగుడ్డ మడతలోంచి బొగ్గుముక్క తీసి
మాకు వీపు పెట్టి గీసేవాడు.
మేం నవ్వేవాళ్లం. శెట్టి కూడా.
శనివారం నేను పుస్తకం చదువుతుంటే వినేవాడు,
గోడవైపు ఒక్కసారి చూసేవాడు,
వేలిముద్ర వేసి పోయేవాడు.
బోరాకు పావలా.
మూడు బోరాలు తగ్గితే మూడు పావలాలు.
స్టేషన్ ముందర నాకు
ఉగ్గాని, రెండు బజ్జీలు.

ఆ ఏడు దీపావళికి
గోడలకు పసుపు కొట్టిద్దామని
శెట్టికి చెప్పింది నేనే.

ఇంజనీరమ్మ కాగితంలో ఈ గోడంతా తెలుపే ఉంది.
పీరా తాపీ మీద సున్నం పట్టుకొని నిలబడినాడు.
"పూసేదా, వదిలేదా?
నువ్వే చెప్పు, నీకే కదా అంతా గుర్తు."
నా నోట్లో సున్నపు పొడి.
అతను కాసేపు చూసి
గీతల చుట్టూ పలకంత జాగా విడిచి
అంచులు మాత్రం, పసిబిడ్డ మొహం తుడిచినట్టు,
నున్నగా తీర్చినాడు.

నా పుస్తకాన్ని చెదలు తిని ఎన్నేండ్లయిందో.
దాంట్లో ఆ వారం నలభై.
గీతల కింద బోర్డు పెడతారంట,
ఏం రాయాలో చెప్పమంటుంది ఇంజనీరమ్మ.
నిన్న సాయంత్రం అందరూ పోయినాక లెక్కబెట్టినా.
నలభై మూడు.
పొద్దున మళ్లీ పోయినా,
వేలు పెట్టి, ఒక్కొక్కటే.
నలభై మూడు.
చుట్టూ సున్నం
ఇంకా తడిగానే ఉంది.