విత్తనం కాయ

ఆనందపురం జంక్షన్లో పురుగుమందుల కొట్టు.
ఖాతా పుస్తకంలో రాత నాది.
లండ దేముడమ్మ పేరు కింద, బెండతోటకి,
మొదటి ఏడు ట్యాంకుకి అర మూత.
రెండో ఏడు మూత.
మూడో ఏడు మూతన్నర, అదీ వారానికోసారి.
ఆ తర్వాత మూతల లెక్క మానేసి
సీసాలు రాయడం మొదలుపెట్టాను.

పేరు మారిన మందు, రంగు మారిన మందు,
కంపెనీ కుర్రాడు బైకు మీద తెచ్చి
"ఇది కొడితే తిరుగు లేదు" అన్న మందు.
తిరుగు దోమదే.

ఆకు తిప్పితే అడుగున
నూకగింజలో సగం కూడా ఉండదు తెల్లదోమ.
నోరని చెప్పుకోడానికి ఒక సూది.
ఈనెలోకి దించి కదలకుండా తాగుతుంది,
మధ్యాహ్నం బల్ల మీద కూచుని
బొండం తాగే నాలాగే.

శ్రావణంలో ఆమె గోనెసంచి తెచ్చి
నా ముందు గుమ్మరించింది.
శంఖు రోగం కాయలు,
భీమిలి ఒడ్డున ఎండిన గవ్వల రంగు.
పూర్ణా మార్కెట్లో కిలో ఎంతని కూడా ఎవరూ అడగలేదట.
ఇంటికి తెస్తే ఆవు మూతి తిప్పుకుందట.

"మందు కల్తీయేటి?"
కాదన్నాను. నిజంగానే కాదు.
"మరేటి?"

తెలిసింది చెప్పాను:
వందలో తొంభై ఎనిమిది చస్తాయి,
రెండు మిగుల్తాయి, అవే పిల్లల్ని పెడతాయి,
ఆ పిల్లలకి మందు అలవాటై...

"అలవాటు కాదు నాయినా.
పాత కోక అంచు సింపి
మంచి కాయకి ఎర్ర పీలిక కడతాను సూడు,
కొయ్యొద్దని, ఇత్తనానికి ఉంచమని.
అలాగే తోటంతటికీ గట్టి దోమేదో ఏరి
దానికీ ఏటేటా కట్టినాను పీలిక.
నీ సీసాతోటి."

బయట విజయనగరం బస్సు హారన్.
జవాబు చెప్పకపోడానికి అది చాలింది.
ముడి ఎవరెవరి చేతులు వేశాయో
పుస్తకం నిండా నా అక్షరాలే ఉన్నాయి.

ఈ ఏడు సీసా అడగలేదామె.
ఖాళీ నూనె డబ్బాలడిగింది, పదిహేను.
రేకులు చీల్చి, పసుపు రంగేసి, ఆముదం రాసి
బెండసాళ్ల మధ్య నిలబెడుతుందట.
గట్టు చుట్టూ మొక్కజొన్న.

ఆదివారం వెళ్లి చూశాను.
ఒక రేకు మీద పిండి చల్లినట్టు దోమ,
ఇంకా కొట్టుకుంటున్న రెక్కలు కొన్ని.
ఆకు తిప్పాను.
అక్కడా ఉన్నాయి.
ఒక కాయకి మాత్రం ఎర్ర పీలిక.

తిరిగొచ్చి, పాత బాకీ కింద
డబ్బాలు పదిహేను అని రాసి
రేటు దగ్గర ఆగాను.