ఎడమ తలుపు

నాలుగేళ్లుగా నా బండి
ఒంటి గొంతుతో నెట్టుకొస్తోంది.
కుడి తలుపులో బొంగురు,
ఎడమ తలుపులో అదీ లేదు.
రెండు పక్కలా పంచి వాయించిన పాటలో
నా వాటాకి వేణువొస్తే
తబలా ఏ లోకంలో మోగేదో తెలిసేది కాదు.

"టైర్లు బోడిగుండుల్లా ఉన్నాయి,
నీకు పాటలు కావాలా?" అంది మా తిరుపతమ్మ.
ఆమె మాట నిజం.
నిజాన్ని గుంటూర్లో వదిలేసి
ఖాళీ బండితో బెజవాడ ఆటోనగర్ వచ్చాను.

లేతు మిషన్ల వెనక మీరావలి కొట్టు.
మూడు గజాల రేకు నీడ,
గోడ నిండా బోర్లించిన పళ్లేల్లా స్పీకర్లు.
అతను పాతది వినలేదు, పేరడగలేదు.
వేళ్లు మడిచి తలుపు మీద కొట్టి చూశాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"రేకు డొల్లగా ఉందన్నా.
ముందు దీనికి లోపల దుప్పటి కప్పాలి,
లేకపోతే ఎంత పెట్టి కొన్నా
డబ్బాలో గులకరాళ్లే."

స్క్రూలు విప్పి అట్ట లాగితే
నాలుగు సీజన్ల యార్డు రాలింది కింద.
గుప్పెళ్ల కొద్దీ మిరప గింజలు,
ఎండి చుట్టుకుపోయిన కాజా టోలు చీటీలు,
గోతాలు కుట్టే దబ్బనం ఒకటి.
"ఇదేగా నేను కాజేశానన్నావ్!"
ఏసుపాదం దాన్ని లాక్కుని
చొక్కాకి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.
నేను ఆకాశం చూశాను.
అప్పటికే మీరావలి తుమ్ముతున్నాడు,
పక్క కొట్టు వెల్డరు తుమ్ముతున్నాడు,
టీ తెచ్చిన కుర్రాడు
గ్లాసులు కింద పెట్టి మరీ తుమ్మాడు.

పాత స్పీకరు బయటికొచ్చింది,
ఎలక కొరికిన అప్పడం.

"ఎడమదానికి డబ్బులు తగలెయ్యకయ్యా,
అటు కూచునేది నేనేగా."
జిన్నింగు మిల్లులో పదకొండేళ్లు,
పత్తి నుంచి గింజను విడదీసే మిషను
ఏసుపాదం ఎడమ చెవిని
లోకం నుంచి విడదీసింది.
కుడి చెవి మిగిలింది,
నా తిట్లకీ, నా పరాచికాలకీ.

మీరావలి ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు.
"రెండూ వేస్తా" అన్నాడు.
రెండిటికీ డబ్బులు తీసుకున్నాడు,
జాలిపడి వంద తగ్గించాడు, అంతే.

బ్యాటరీ నుంచి ఎర్ర వైరు లాగి
మెడలో ఫ్యూజు కట్టి
సీటు కింద ఆంప్లిఫయరు దించాడు,
క్యారియరు పెట్టుకునే చోట.
ఇక మీద మా అన్నం
ఒళ్లో కూచుని ప్రయాణం చెయ్యాలి.

మీట నొక్కితే మొదట వచ్చింది పాట కాదు.
రేడియోలో ఎవరో ధరలు చదువుతున్నారు.
తేజ రకం, తాలు కాయ, క్వింటాలుకింత.
కంఠంలో తడి కూడా వినిపించింది.
ఎవరి నష్టాన్నీ
ఇంత స్పష్టంగా విన్లేదు నేనెప్పుడూ.
స్టేషను మార్చాను.

వారధి మీదికొచ్చేసరికి చీకటి.
కింద ఇసుక, ఇసుకలో సన్నగా నీళ్లు.
ఏదో డప్పుల పాట అందుకుంది.
అద్దం వణికింది, తాళాలగుత్తి ఊగింది,
ఏసుపాదం ఉలిక్కిపడి
తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.
"చూడి గేదె కడుపు మీద చెయ్యేసినట్టుందయ్యా,
లోపల తంతోంది."
తాడేపల్లి దాటినా ఆ చెయ్యి తియ్యలేదు.
తల వాలిపోయింది, నోరు తెరుచుకుంది,
చెయ్యి మాత్రం మేలుకునే ఉంది.

మంగళగిరి దాటాక
వెనక టైరు ఏదో చెబుతున్నట్టనిపించింది.
ఇన్నాళ్లూ దాని మాట నాకు
పాట కన్నా బాగా వినపడేది.
సౌండు మొత్తం తగ్గించి
చెవి బయటికి పెట్టాను.
గాలి. రోడ్డు.
ఆ రెండిటి మధ్య సన్నగా, ఆగి ఆగి
తిరుపతమ్మ.

"ఏమయ్యా,"
కళ్లు తెరవకుండానే అడిగాడు ఏసుపాదం,
"దూడ పడుకుందా?"