స్టాకు రిజిస్టరు

సీపురుపల్లి డిగ్రీ కాలేజీలో
ఫిజిక్సు లేబు అటెండర్ని నాను.
గౌరీశ్వరి మేడమ్ ఉన్న ఇరవై ఆరేళ్ళూ
రాత్రి తొమ్మిదయితేగానీ
ఆ గదికి తాళం ఎయ్యనిచ్చింది నేదు.

గుండుకి దారం కట్టి ఊపడం,
మొదటేడు పిల్లలకి అదే పని.
ఊపులు నెక్కెట్టి భూమి లాగుడెంతో తేల్చాల.
అందరికీ తొమ్మిది వందల ఎనభయ్యే వొచ్చీది,
ఒకల్దాన్లోంచి ఒకలు దింపీసీవోరు.
గరివిడి నుంచొచ్చిన గుంటొకర్తి
తొమ్మిది వందల పన్నెండని రాసి ఏడిస్తే
పదికి పదీ దానికే ఏసింది మేడమ్.
"దారం కట్టింది ఇదొక్కర్తే" అంది.

సాయంత్రం పేసింజరు ఎల్లిపోనాక
ఆవిడ సొంత నెక్క మొదలు,
సుద్దముక్క అరిగి బోర్డుకి గోరు తగిలీదాకా.
సుక్క సచ్చిపోయి తనలోకే కూలిపోతే
ఎలుతురు కూడా బయిటికి రాని గొయ్యవుతాదట.
అందులో పడ్డది పోయినట్టా, ఉన్నట్టా?
అదీ ఆవిడికీ లోకంలో పెద్దపెద్దోళ్ళకీ తగువు.
పోదు అంటాది ఈవిడ.
రాసి పంపిన కాయితాలు మూడు పాల్లు తిరిగొచ్చినాయి.
"గోతిలోంచి రాకపోయినా
పోస్టులో వొచ్చేస్తన్నాయి కదమ్మా" అన్నాను.
నవ్వింది. నవ్వాక సానాసేపు బోర్డు తుడిసింది.

యూనివర్సిటీలో ప్రొఫెసరు పోస్టుకి
ఇంటర్వ్యూకెళ్ళొచ్చిన్రోజున
ఏటడిగినారమ్మా అంటే
"నీ గొయ్యి వల్ల జిల్లాకేటి లాభం అన్నారు అసిరయ్యా" అని
బేగులోంచి అరిటికాయ బజ్జీల పొట్లం తీసింది.
సల్లారిపోనాయి. తిన్నాం.

మాకూ ఉందమ్మా గొయ్యి, అన్నానారోజు.
మాంగనీసు తవ్వి ఒగ్గీసినది.
మా అన్న పోలయ్య దిగినాడు, నీళ్ళు తన్నీసినాయి,
గజఈతగాళ్ళు రెండ్రోజులు సూసి ఎల్లిపోనారు.
ఇంటికాడ కూడా ఎత్తని మాట,
ఆవిడికెందుకు సెప్పినానో.

ఆదోరం ఎండన పడి వొచ్చింది,
లేబులో ఇత్తడి గుండు, ఇరవై బారల గేలం దారం పట్టుకోని.
గట్టుమీద కూకోని దించినాం.
దారం అయిపోనాది. గుండుకి నేల తగల్నేదు.
సేతిలో బరువు అలాగే ఉంది, లాగుతానే ఉంది.
"ఇక్కడిదాకా తెలుసు" అని
నోటుబుక్కులో రాసుకుంది.
పైకి తీస్తుంటే రాయికి రాసుకోని తెగిపోనాది.

కాయితం నాలుగో పాలికి అచ్చయింది.
స్టాఫ్‌రూంలో అందరికీ కోవా పెట్టింది.
ప్రమోషనొచ్చిందనుకున్నారు. ఆవిడా కాదన్నేదు.

మొన్న రిటైరవుతా లేబు అప్పజెప్పింది.
స్టాపు వాచీలు ఆరు, రెండు నడవవు.
ఇత్తడి గుండ్లు పదమూడు, ఉండాల్సినవి పద్నాలుగు.
"పోయిందని రాసేయండి మేడమ్, కొట్టేద్దాం"
అన్నాడు కొత్తగా వొచ్చిన కుర్ర లెక్చరరు.

ఆవిడ కలం మూత తీసి
ఎదురు గడిలో రాసింది,
నాను కూడబలుక్కోని సదివినాను:
"ఉంది. పైకి తీయలేదు."

దాని ఖరీదు నలభై రూపాయలు కట్టింది.
రశీదు నా దగ్గిరుంది.